కుంటి గజం

27 జనవరి 1998, మంగళవారం

నా ప్లాను మీద పంచాయతీ ఈవో ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొట్టాడు. ఒకటి కాదు, రెండు. అటొకటి, ఇటొకటి. పదకొండు రోజులు కూర్చుని గీసిన ప్లాను అది. గ్రాఫు కాయితం మీద ముందు పెన్సిలు, దాని మీద నల్ల ఇంకు. ఒక్క చుక్క కారలేదు. అలాంటిదాని మీద చెవిలో పుల్ల తిప్పుకుంటున్నంత తీరిగ్గా కొట్టేశాడు.

రాసుకుంటే కోపం తగ్గుతుందని ఎక్కడో చదివాను. ఈ డైరీ ఎరువుల కొట్టులో ఇచ్చింది. ప్రతి పేజీ కింద యూరియా బస్తా బొమ్మ. కోపం తగ్గకపోతే బస్తాలు లెక్కపెట్టుకుంటాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను, రేపు ఎవడు అడిగినా తడుముకోకుండా చెప్పడానికి.

పని మహాలక్ష్మమ్మ గారిది. రైటరు గారి ఇల్లు. ఆవిడ భర్త ముత్తాత కాలువల ఆఫీసులో రైటరుగా చేస్తూ కట్టించుకున్న ఇల్లు, నూట పదకొండేళ్ళది. మొన్న తొంభై ఆరు తుఫానుకి ఊళ్ళో కొత్త గోడలే పడుకుంటే దానికి పెంకులు మాత్రం లేచాయి. ఆవిడ ముందు హాల్లో టైపు నేర్పుతారు. ఇప్పుడు రాజమండ్రి వాళ్ళెవరో రెండు కంప్యూటర్లు ఇస్తామన్నారు. కానీ సున్నం రాలే గదిలో పెట్టరట, దుమ్ము లేని కొత్త గది చూపించాలట, మే ఒకటో తారీఖుకి. అందుకని దక్షిణం పక్కన ఒక గది చేర్చాలి. ప్లాను నుంచి తలుపు గడియ దాకా నేనే. తొమ్మిదేళ్ళు ఇంకొకరి కింద తాపీ పట్టాక మేస్త్రిగా నా పేరు మీద వచ్చిన మొదటి పని. ఫిబ్రవరి నెలాఖరులోగా పర్మిషన్ రాకపోతే గణేష్‌బాబు స్లాబు షాపు అద్దెకి తీసుకుంటానని ఆవిడ నా మొహం మీదే చెప్పారు. చాటుమాటు లేని మనిషి.

ఆఫీసులో ఇలా జరిగింది.

"ఎవరు గీశారయ్యా ఇది?"

"నేనేనండి."

"ఏం చదివావు?"

"ఏడండి. మిగతాది నేనే చదువుకున్నానండి."

"మిగతాది అంటే?"

"మిగతాది అంటే మిగతాదేనండి."

గుమస్తా నవ్వాడు. ఈవో శాంతికుమార్ నవ్వలేదు. ఇంటి పాత దస్తావేజు నకలు తీశాడు. అందులో తూర్పు హద్దు కింద "అరుగు అంచు లగాయతు కాలువ గట్టు రాళ్ళ వరకు ఆరు గజముల బాట" అని ఉంది.

"గజం ఎన్ని అడుగులు?"

"మూడండి."

"ఆరు మూళ్ళు?"

"పద్దెనిమిదండి."

"నీ ప్లానులో బాట ఎంత వేశావు?"

"పదహారున్నర."

"మిగతా అడుగున్నర కాలువలోకి దూకిందా? మీ అరుగు కిందకి పోయింది. ఇల్లే రోడ్డు మీద ఉంటే దానికి ఇంకో గది ఎక్కడ కడతారు? అరుగు అడుగున్నర కొట్టేసి రండి, అప్పుడు చూస్తాను."

అరుగు అంచునే స్తంభాలు. స్తంభాల మీదే కప్పు. అరుగు కొట్టమంటే ఇల్లు కొట్టమన్నట్టే. ఆ ముక్క చెప్పబోతే ఇంకో కాయితం చూపించాడు, బాట ఆక్రమించారని గణేష్‌బాబు పెట్టిన అర్జీ. పైగా నా కొలతలు కూడా తప్పట. స్తంభాల మధ్య ఎనిమిదేసి అడుగులు మూడు ఖాళీలు వేశాను. "మూడెనిమిదులు ఇరవై నాలుగు, హాలు పొడుగు ఇరవై ఐదు వేశావు. ఆ ఒక్క అడుగూ ఎక్కడ పెట్టావు, జేబులోనా?" అన్నాడు. గుమస్తా మళ్ళీ నవ్వాడు.

నా కొలతల్లో తప్పు లేదు. కట్టినవాడిదే తప్పు.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ ఈవోని మూడు తరాలు వెనక్కి వెళ్ళి తిట్టింది. నాన్న కొబ్బరి పీచు తాడు పేనుతున్నాడు. పేనిందంతా పుల్లకి చుట్టాడు. ఏమీ అనలేదు. రెండేళ్ళ నుంచీ అనడం లేదు. దాని గురించి ఇక్కడ రాయను.

28 జనవరి

రావులపాలెంలో పని, అరటికాయల మండీ వెనక ప్రహరీ గోడ. కోపంగా పేరిస్తే ఇటుకలు తిన్నగా వస్తాయి. ఆరు వరసలు ఎక్కువ లేచింది.

30 జనవరి, శుక్రవారం

టీ కొట్టు దగ్గర గణేష్‌బాబు. కొత్త మోటారు సైకిలు, కవరు కూడా తియ్యలేదు సీటుకి.

"ఏరా తాతాజీ, అరుగు ఎప్పుడు కొడుతున్నావు? పలుగు కావాలంటే మా ఇంట్లో ఉంది, పట్టుకెళ్ళు."

"మీ షాపు కొట్టేటప్పుడు తీసుకుంటానండి."

"నోరు బాగా పెరిగిందిరోయ్. కంప్యూటర్లకి నా షాపు చూసుకోమన్నానని మీ టీచరు గారితో చెప్పు. ఫ్యాను కూడా పెట్టిస్తాను." వెళ్ళబోయి మళ్ళీ ఆగాడు. "ఆ ప్లాను దేంతో కొలిచావు, మీ నాన్న కుంటి గజంతోనా?"

బెంచీ మీదున్న నలుగురూ నవ్వారు. ఊళ్ళో ఆ మాట పుట్టించింది ఆయనే. సగం టీ వదిలేసి వచ్చాను.

కుంటి గజం.

1 ఫిబ్రవరి, ఆదివారం

మహాలక్ష్మమ్మ గారు ఎర్ర గీతల ప్లాను బల్ల మీద పరిచి, కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆవిడకి యాభై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళ నుంచి వేళ్ళ తప్పులు చూసే పనే.

"ఇందులో రబ్బరు పెట్టావు తాతాజీ."

"లేదండి, అంతా ఇంకేనండి."

"కాయితం మీద కాదయ్యా, కొలతల్లో. టైపులో తప్పు పడ్డాక రబ్బరుతో తుడిచినవాళ్ళు నాకు తెలుస్తారు. ఆ చోట కాయితం నున్నగా ఉంటుంది. నీ ప్లానంతా నున్నగా ఉంది. ఎనిమిది, ఇరవై ఐదు, అయిదు, నాలుగు. నా ఇల్లు అంత నున్నగా ఉండదు. గుమ్మం దాటేటప్పుడల్లా నాకు తెలుస్తూనే ఉంటుంది."

"పాత మేస్త్రీలు సరిగ్గా కట్టలేదండి. అందుకని..."

"అందుకని?"

నేను ప్లాను చుట్టబెట్టడం మొదలెట్టాను.

"పోయి మళ్ళీ కొలు. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాయి. ఇరవై ఎనిమిదో తారీఖు వరకూ ఆగుతాను. మార్చి ఒకటిన గణేష్‌బాబుకి మాట ఇస్తాను. నా పిల్లలు టైపు మిషను పట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటారు?"

ఆవిడకి పిల్లలు లేరు. టైపు పిల్లల్ని అంటారు.

2 ఫిబ్రవరి

సరే, రాస్తాను. కొలతలు నేను చక్కబెట్టాను. 8–3 వస్తే 8 వేశాను. 24–9 వస్తే 25. ఎక్కడ కొలిచినా మూడంగుళాలు, తొమ్మిదంగుళాలు తోకలు వేలాడుతూ వచ్చాయి. ఆ తోకలు చూస్తే ఆ మేస్త్రికి కొలవడం రాదనిపించింది. నా ప్లాను చదువుకున్నవాళ్ళ ప్లానులా ఉండాలని కోసేశాను.

3 ఫిబ్రవరి, మంగళవారం

మెల్లగా రాస్తాను.

పొద్దున్న పనికి ఎగనామం పెట్టి ఆ ఇంటికి వెళ్ళాను. స్టీలు టేపు పెట్టి మొదటి నుంచి కొలిచాను, ఈసారి అన్నీ అంగుళాల్లోనే. అడుగులు వద్దనుకున్నాను, అడుగుల్లో పెడితేనే కదా తోకలొస్తున్నాయి.

అరుగు ఎత్తు 33.

అరుగు వెడల్పు 66. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

స్తంభానికీ స్తంభానికీ 99. అక్కడ ఆగాను. టేపు చేతిలోంచి జారి చుట్టుకుపోయింది. ముప్పై మూడు, అరవై ఆరు, తొంభై తొమ్మిది. టైపు నేర్చుకునే అమ్మాయిలు కిటికీలోంచి చూస్తున్నారు, మేస్త్రికి ఏదో అయిందని. అయింది.

హాలు పొడుగు 297. పెన్సిలుతో గోడ మీదే భాగించాను, ఆవిడ తిడితే తిట్టారు. తొమ్మిది ముప్పై మూళ్ళు. శేషం సున్నా.

గుమ్మం 49న్నర. ఇక్కడ పోయిందిరా అనుకున్నాను. పోలేదు, ఒకటిన్నర.

అప్పుడు బాట. అరుగు అంచు మీద టేపు కొక్కెం తగిలించి, కాలువ గట్టు రాళ్ళ దాకా వెనక్కి నడిచాను. 198. భాగించక్కర్లేదు, నాకు అప్పటికే ముప్పై మూడో ఎక్కం వచ్చేసింది. ఆరు ముప్పై మూళ్ళు నూట తొంభై ఎనిమిది.

ఆరు గజాలు. దస్తావేజు అబద్ధం చెప్పలేదు. బాట తగ్గలేదు. అరుగు ఒక్క అంగుళం ముందుకి జరగలేదు. ఆ కట్టినవాడి గజం ముప్పై ఆరు అంగుళాలు కాదు, ముప్పై మూడు. ఈవో గజం వేరు, ఇంటి గజం వేరు. ఇంటిని దాని గజంతో కొలిస్తే తోకలు లేవు. ఎక్కడా లేవు. నేను చూసిన ఇళ్ళన్నిట్లో ఇంత తిన్నగా కట్టిన ఇల్లు ఇదే.

మహాలక్ష్మమ్మ గారిని కేకేసి అరుగు మీద కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్క చూసుకుని, "నూట పదకొండేళ్ళు నీ కోసం ఓపిగ్గా కాచుకుందయ్యా" అన్నారు. గోడ మీద లెక్కలకి తిట్టలేదు.

4 ఫిబ్రవరి

ముప్పై మూడు. సిమెంటు బస్తా మోస్తూ కూడా ముప్పై మూడు. సైకిలు తొక్కుతూ కూడా.

5 ఫిబ్రవరి, గురువారం

ఈవో లేడు. ఎలక్షన్ ట్రెయినింగుకి వెళ్ళాడట. మంగళవారం రమ్మన్నారు. అన్ని రోజులు ఈ సంగతి కడుపులో పెట్టుకుని ఎలా ఉండాలి?

8 ఫిబ్రవరి, ఆదివారం

ముప్పై మూడు నాకు కొత్త కాదు. మూడో తారీఖునే తెలుసు. రాయలేదు, అంతే.

గణేష్‌బాబు షాపు కట్టింది నాన్న. ఆయన కింద నేను. నాన్న టేపు వాడడు. ఆయన దగ్గర టేకు గజంబద్ద ఒకటి ఉండేది, రెండు చివర్లా ఇత్తడి తొడుగు, తాత దగ్గర్నుంచి వచ్చింది, తాతకి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి. నాలుగు గజాల షాపు అని మాట. నాన్న ఆ బద్దతో నాలుగు పెట్టి పునాదికి ముగ్గు పోశాడు. గోడలు లేచాక గణేష్‌బాబు టేపు పెడితే పదకొండు అడుగులే వచ్చింది. పన్నెండు రావాలి కదా, అడుగు మింగేశారని పదిమందిలో అరిచాడు. అప్పుడు కొత్త టేపు నా జేబులో ఉంది. నేనే తీసి నాన్న బద్ద మీద పరిచాను. మూడంగుళాలు తక్కువ. నేనే చదివాను, గట్టిగా. గణేష్‌బాబు పగలబడి నవ్వాడు. "కుంటి గజంరా మీ నాన్నది." కూలీలందరూ చూస్తున్నారు.

నాకు సిగ్గేసింది. ఎవర్ని చూసి అన్నది ఇప్పుడు అడక్కూడదు. బద్ద లాక్కుని మోకాలికి ఆనించి విరిచాను.

టేకు అంత తేలిగ్గా విరగదు. రెండోసారికి విరిగింది.

నాన్న ముక్కలు ఏరుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ తాపీ పట్టలేదు. మళ్ళీ నాతో మాట్లాడలేదు. ముక్కలు ఏం చేశాడో నేను అడగలేదు. నాకు పనులున్నాయి.

10 ఫిబ్రవరి, మంగళవారం

ఈవో పూర్తిగా విన్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ముప్పై మూడో ఎక్కం తనే కాయితం మీద వేసుకున్నాడు, రెండుసార్లు. ఎర్ర పెన్ను పక్కన పెట్టి నల్ల పెన్ను తీశాడు.

"బాగానే ఉందయ్యా. నాకు నమ్మాలనే ఉంది. కానీ గోడని ఫైల్లో పెట్టలేను కదా. రేపు గణేష్‌బాబు గారు కలెక్టరాఫీసుకి వెళ్తే నేనేం చూపించాలి? ఇక్కడ గజం ముప్పై మూడంగుళాలు అని ఒక్క కాయితం తే. పోనీ ఆ కాలంనాటి గజంబద్ద ఉంటే తే. కొలిచి పంచనామా రాసి పెడతాను."

"విరిగిపోయిందండి."

"అయ్యో. ఎవరు విరిచారు?"

బల్ల మీదున్న టేపు తీసి జేబులో పెట్టుకున్నాను.

"మేస్త్రీలండి" అన్నాను.

11 ఫిబ్రవరి, బుధవారం

మధ్యాహ్నం అన్నం తిన్నాక వెళ్ళి నాన్న ముందు కూర్చున్నాను. మాట్లాడాలని కాదు, పంచలో నీడ అక్కడే ఉంది. అమ్మ చేపలు తోముతోంది. అమ్మకి చెబుతున్నట్టు మొత్తం చెప్పాను. 33, 66, 99, 198. గోడలు ఫైల్లో పట్టవన్న సంగతి, కాయితం కావాలన్న సంగతి.

"ఎక్కడ తేవాలే అమ్మా, నూరేళ్ళ నాటి కాయితం?"

"నాకేం తెలుసురా, నాకు చదువా సంధ్యా?" అంది అమ్మ.

నాన్న తాడు పేనడం ఆపలేదు. పీచు కలుపుతూ, అరచేతులు రాస్తూ, నా మొహం చూడకుండానే అన్నాడు:

"గణేష్‌బాబు కాయితం ఉందిగా."

అమ్మ చేతిలో చేప జారిపోయింది. రెండేళ్ళ తరవాత నా ఎదుట విప్పిన నోరు.

"ఏ కాయితం?" అన్నాను.

"అప్పుడు నా మీద పంచాయతీలో పెట్టాడు. నన్ను పిలిపించి వేలిముద్ర వేయించుకున్నారు." ఇంకాస్త పీచు కలిపాడు. "అరుగు మీద కూడా చూడు. గుమ్మానికి ఎడమ పక్క నల్ల రాయి. రెండు గాట్లుంటాయి. మా తాతలు బద్ద అరిగిపోతే అక్కడ పెట్టి సరిచూసుకునేవారు."

అంతే. తరవాత పేనిన తాడు పుల్లకి చుట్టుకున్నాడు.

అప్పుడు చూశాను. పుల్ల కాదు. రెండేళ్ళ నుంచీ రోజూ నా కళ్ళ ముందే ఆ తాడు చుట్టుకుంటున్నాడు. నేను పుల్ల అనుకున్నాను. చివర ఇత్తడి తొడుగు ఉంది.

లేచి వచ్చేశాను.

12 ఫిబ్రవరి

గాట్లు ఉన్నాయి. పిల్లలు చింతగింజల ఆటకి గీసుకున్నారేమోనని మహాలక్ష్మమ్మ గారు ఇన్నాళ్ళూ అనుకున్నారట. టేపు పెట్టాను.

ముప్పై మూడు. వెంట్రుకవాసి తేడా లేదు.

13 ఫిబ్రవరి, శుక్రవారం

"పాత అర్జీలు ఎలక్షన్ల తరవాత" అన్నాడు గుమస్తా.

"బీరువా ఇక్కడే ఉంది కదండి, నేను వెతుకుతాను."

"నువ్వు వెతికితే ఆఫీసెందుకు, నేనెందుకు?"

నిజమే అన్నాను. గుమస్తా నవ్వలేదు ఈసారి.

19 ఫిబ్రవరి, గురువారం

దొరికింది.

ఈవో గారే బీరువా దించారు. ఆయన చొక్కా నిండా దుమ్ము. కట్టలు విప్పుతూ తుమ్ముతూ, "నీ ఇల్లు నిలబడుతుందో లేదో గానీ నేను పడిపోయేలా ఉన్నాను" అన్నారు. మూడో కట్టలో ఉంది, పంచాయతీ ముద్రతో, ఇన్‌వర్డు నంబరుతో, కింద గణేష్‌బాబు సంతకంతో, నాన్న వేలిముద్రతో. ఈవో గారు పైకి చదివారు. నేను మాట పోకుండా రాసుకున్నాను:

"గంగరాజు మేస్త్రి వాడుచున్న గజంబద్ద మూడడుగులకు మూడంగుళములు తక్కువగా ఉన్నది. అందువలన నాలుగు గజముల నా షాపు పదకొండు అడుగులే వచ్చినది. ఈ బద్ద తమ తాతల నాటిదనియు, రైటరు గారి ఇల్లు కట్టినది ఈ బద్దతోననియు సదరు మేస్త్రి నా ఎదుట ఒప్పుకొనియున్నాడు."

చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని మళ్ళీ చదివారు.

"కాయితం కావాలన్నాను, ఇంత మంచి కాయితం నేను కూడా రాయలేనయ్యా" అన్నారు. "సోమవారం పదింటికి స్థలం మీదకి వస్తాను. ఆయనకీ నోటీసు పంపుతాను. నీ నోరు మాత్రం ఇంట్లో పెట్టి రా."

సైకిలు ఆఫీసు దగ్గరే వదిలేసి ఇంటికి నడిచొచ్చాను. సైకిలు ఉందన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

23 ఫిబ్రవరి, సోమవారం

పదింటికంటే ముందే ఊరు సగం గట్టు మీద ఉంది. టైపు అమ్మాయిలు హాలు కిటికీల నిండా. టీ కొట్టు వాడు కొట్టే పట్టుకొచ్చాడు.

ఈవో గారు టేపు ఒక కొస గుమస్తాకిచ్చారు. మొదట గాట్లు. ముప్పై మూడు. అరుగు, స్తంభాలు, హాలు. ఆయన అంగుళాలు చెబుతుంటే నేను గజాలు చెప్పాను. ఒకటి. రెండు. మూడు. తొమ్మిది. నోరు ఇంట్లో పెట్టి రమ్మన్నారు గానీ అంకెలు నోరు కాదు. నాలుగోసారికి కిటికీల్లో అమ్మాయిలు నాకంటే ముందే చెప్పేస్తున్నారు. బాట దగ్గరికి వచ్చేసరికి గట్టంతా ఒకే గొంతుతో "ఆరు" అంది.

గణేష్‌బాబు నవ్వుతూనే ఉన్నాడు. "ఎవడింటికి వాడో గజం పెట్టుకుంటే గవర్నమెంటెందుకండి?"

ఈవో గారు జేబులోంచి రెండు కాయితాలు తీసి, పాతది ముందు పెట్టారు. "ఈ సంతకం మీదేనా?"

చూశాడు. "నాదే. అది వేరే సంగతండి, అది షాపు గొడవ."

"ఇందులో ఈ ఇల్లు కట్టిన గజం మూడంగుళాలు తక్కువ అని మీరే రాశారు. ఇప్పుడేమో గజం మూడడుగులు, అరుగు ఆక్రమణ అని రాశారు. ఈ రెండిట్లో ఏది నిజమో చెప్పండి, ఇంకోటి చించేస్తాను."

గణేష్‌బాబు ఒక కాయితం చూశాడు, ఇంకో కాయితం చూశాడు. మొదటిది అబద్ధమంటే నాన్న మీద వేసిన నింద పోతుంది. రెండోది అబద్ధమంటే అరుగు మిగులుతుంది. ఏది చించినా మాకే మంచిది. అది ఆయనకి కూడా అర్థమైంది. మోటారు సైకిలు తాళం కోసం జేబులు తడుముకున్నాడు. తాళం బండికే ఉంది.

మహాలక్ష్మమ్మ గారు అరుగు మీద నుంచి, ఎవరినీ అననట్టు, "కుంటి గజమైనా నూట పదకొండేళ్ళు బాగానే నడిచింది" అన్నారు. గట్టు మీద నవ్వు కాలువ అవతలికి వినపడి ఉంటుంది.

అవతలి గట్టు మీద కొబ్బరి చెట్ల కింద ఎవరో నిలబడినట్టు కనిపించింది. భుజాన తాడు చుట్ట. నాన్న కాదు. నాన్న అటు రాడు.

సాయంత్రం అమ్మ గొణుక్కుంది: "ఈ మనిషి పంచె మోకాళ్ళ దాకా తడుపుకొచ్చాడు, ఎండాకాలం వస్తుంటే ఎక్కడ తిరిగొచ్చాడో."

25 ఫిబ్రవరి

శివరాత్రి. ఆఫీసు సెలవు. కొత్త ప్లాను గీశాను. ఉన్నది ఉన్నట్టు, తోకలతో సహా.

26 ఫిబ్రవరి, గురువారం

పంచాయతీ తీర్మానం అయింది. పాత ఇంటికి దక్షిణం పక్కన ఒక గది చేర్పుకి అనుమతి, అరుగు యథాతథం. యథాతథం అన్న మాట మహాలక్ష్మమ్మ గారు నాలుగుసార్లు చదివించుకున్నారు. తనే కూర్చుని అయిదు కార్బను కాపీలు కొట్టారు, ఒక్క తప్పు లేకుండా, రబ్బరు లేకుండా.

కొత్త గది అయిదు గజాలు, నాలుగు గజాలు. ప్లానులో అడుగులూ వేశాను, పక్కనే గజాలూ వేశాను. "రెండూ ఎందుకయ్యా?" అన్నారు ఈవో గారు. అడుగులు మీకండి, గజాలు ఇంటికి అన్నాను. నల్ల పెన్నుతో సంతకం పెట్టారు. సంతకం కింద "గీసినవారు" అని ఒక గీత ఉంది, అక్కడ నా పేరు రాశాను. "కొలిచినవారు" అని ఇంకో గీత ఉంది. ఖాళీగా వదిలేశాను. "ఇది కూడా నింపు" అన్నారు. సోమవారం నింపుతానన్నాను.

27 ఫిబ్రవరి, శుక్రవారం

అమావాస్య వెళ్ళింది. సోమవారం పొద్దున్న ముహూర్తం.

పొద్దుటి నుంచీ అరుగు మీదే కూర్చుని టేకు బద్ద చిత్రిక పట్టాను. గాట్లకి ఆనించడం, చూడడం, మళ్ళీ పట్టడం. టేపు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను. మధ్యాహ్నానికి సరిపోయింది. తొడుగులు చెయ్యలేదు. ఇత్తడి ఇంట్లో ఉంది, తాడు కింద. అది నాకు నేనుగా తీసుకునేది కాదు.

ఇంటికొచ్చి బద్దని పంచలో ఆయన పక్కన ఆనించాను. చూశాడు. ముట్టుకోలేదు. తాడు పేనుతున్నాడు.

నాకు ఎదురుగా చెప్పడం రాదు. అరవడం వచ్చు. అందుకని రాస్తున్నాను. అమ్మకి చదువు రాదు, నాన్నకి రాదు, కాబట్టి చదవాల్సింది కూడా నేనే. రేపు పొద్దున్న ఆయన పీచు ముందు కూర్చోగానే ఈ పేజీ తీసి చదువుతాను. మధ్యలో ఆపను. బస్తా బొమ్మ దాకా చదువుతాను.

నాన్నా, నీ గజంబద్ద నేను విరిచాను. నువ్వు తప్పు కొలిచావని పదిమందిలో నేనే చదివాను. నువ్వు తప్పు కొలవలేదు. నాకు చదవడం రాలేదు. ఇంతకంటే నాకు మాటలు లేవు, ఉంటే అవి కూడా చెప్పేవాణ్ణి.

మార్చి రెండు, సోమవారం, పొద్దున్న ఏడింటికి రైటరు గారింటి దగ్గర కొత్త గదికి ముగ్గు పొయ్యాలి. అయిదు గజాలు, నాలుగు గజాలు. బద్ద తెచ్చాను. దానికి తొడుగులు కావాలి, అవి నీ దగ్గరున్నాయి. తాడు నీది. నాలుగు మూలలూ నువ్వే పెట్టాలి. నువ్వు చూపించిన చోట మేకు నేను కొడతాను. నువ్వు రాకపోతే మేకు కొట్టను, ముహూర్తం పోతే పోతుంది, టీచరు గారికి నేనే చెప్పుకుంటాను. ప్లానులో కొలిచినవారు అన్న గీత ఖాళీగా ఉంది.

వస్తావో రావో ఆదివారం పొద్దుగూకే లోపల నాకు చెప్పాలి. నోటితో చెప్పాలి. తల ఊపితే లెక్కలోకి రాదు.